రెండో కుర్చీలో వెర్లా

లిండెన్ ఫోర్క్ కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు బెంచీలో మొదటి కుర్చీ హెడ్ కోచ్‌ది, రెండో కుర్చీ వెర్లా కూయికర్‌ది. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటి కుర్చీలో ముగ్గురు కూర్చుని లేచి వెళ్లారు, ఇప్పుడు నాలుగో మనిషి ఉంది. రెండో కుర్చీలో మాత్రం అదే వెర్లా, అదే బూడిదరంగు స్వెటరు, అదే నోటుపుస్తకం, చెవి వెనక అదే పొట్టి పెన్సిలు. పెన్సిళ్లు మారుతూనే ఉంటాయి. కొత్తది కూడా అంత పొట్టిగా ఎలా ఉంటుందో మా ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు.

మొదటి కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ కాలేజీవాళ్లు వచ్చి ఆమెనే అడిగారు. ఆమె ప్రతిసారీ ఒకే జవాబు చెప్పింది. "నేను గార్డునండీ" అని, ఆ సంగతి అంతటితో అయిపోయినట్టు బంతుల్లో గాలి చూసుకోవడానికి వెళ్లిపోయేది. అడిగినవాళ్లు బయటి రాష్ట్రాలవాళ్లయితే అర్థం కాక బుర్ర గోక్కునేవారు. మా అయోవా రాష్ట్రంవాళ్లయితే మారు మాట్లాడేవారు కాదు.

అయోవాలో మా అమ్మలూ అక్కలూ ఆడిన ఆట వేరు. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డులు కోర్టులో ఒక సగంలో, ముగ్గురు గార్డులు రెండో సగంలో. మధ్య గీతను ఎవరూ దాటకూడదు. బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. బాస్కెట్‌లో వేసే పని ఫార్వర్డులది. గార్డుల పని కాయడం, లాక్కోవడం, గీత అవతలికి అందించడం, అంతే. హైస్కూల్లో నాలుగేళ్లు వెర్లా గార్డు. ఆ నాలుగేళ్లలో ఒక్క మ్యాచ్‌లో ఒక్కసారి కూడా బంతిని బాస్కెట్ వైపు విసరలేదు, విసిరే హక్కే లేదు. ఆమె చదివిన బీవర్ గ్రోవ్ స్కూలువాళ్ల పాత స్కోరు పుస్తకాలు తీసి చూస్తే ఆమె పేరుకు ఎదురుగా పాయింట్ల గళ్లన్నీ తెల్లగా ఉంటాయి. ఫౌళ్ల గడిలో మాత్రం అక్కడక్కడా ఒక గీత కనిపిస్తుంది.

అలాగని ఆమెను చూసి జాలిపడితే మాత్రం మీ పని అయిపోయినట్టే. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో రాష్ట్ర టోర్నమెంటుకు బీవర్ గ్రోవ్ వెళ్లినప్పుడు ఊరికి ఊరే పందులకు మేత వేసి, తలుపులకు తాళాలు వేసి, రాజధాని డెమోయిన్‌కు కదిలిపోయింది. అవతలి జట్టులో మ్యాచ్‌కి యాభై పాయింట్లు వేసే పిల్ల ఉంది. వెర్లా ఆ పిల్లను పంతొమ్మిది దగ్గర ఆపేసింది. ఆ అంకె ఇప్పటికీ మా ఊరి కిరాణా కొట్లో చెబితే, కౌంటర్ దగ్గర నిలబడ్డ ముసలివాళ్లు టోపీ తీస్తారు. నేను కళ్లారా చూశాను.

కానీ ఆ మ్యాచ్ ఓడిపోయారు. ఒక్క పాయింటు తేడా. తొమ్మిది సెకన్లు ఉందనగా వెర్లా ఆ పిల్ల చేతిలోంచి బంతి ఊడలాక్కుని గీత అవతలి ఫార్వర్డుకు అందించింది. ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. బూట్ల కొసలు గీత మీద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, నిలబడి చూసింది. బంతి ఇనుప చట్రం చుట్టూ రెండు చుట్లు తిరిగి బయటికి పడింది. గార్డుల బతుకే అంత. ఆట గెలిచినా ఓడినా ఆఖరి ఘడియ ఎప్పుడూ గీత అవతలే జరుగుతుంది. దాని గురించి వెర్లా ఏమనుకుందో ఎవరికీ చెప్పలేదు, బీవర్ గ్రోవ్‌లోనే ఉండే గెరిట్‌ను పెళ్లి చేసుకుని, పందుల ఫారమ్‌లో కాపురం పెట్టి, ముప్ఫై నాలుగో ఏట ఈ కాలేజీకి వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది.

ఇప్పుడు మొదటి కుర్చీలో ఉన్న కొరిన్ మాడక్స్ ఒకప్పుడు ఈ కాలేజీ ఆటగత్తే. వాటర్లూ నుంచి పద్దెనిమిదేళ్లప్పుడు వచ్చింది. వచ్చిన నెలలోనే అప్పటి కోచ్‌తో గొడవపడి, సంచి సర్దుకుని కారెక్కింది. అందరూ కారు చుట్టూ మూగి బతిమాలారు. వెర్లా మాత్రం పక్క సీట్లో వచ్చి కూర్చుని, కాగితంలో చుట్టిన, పందిమాంసం పెట్టిన హామ్ బన్ను చేతిలో పెట్టింది. "నాలుగు గంటల దారి. తిని వెళ్లు" అంది. కొరిన్ తిన్నది, కానీ వెళ్లలేదు. నాలుగేళ్లు ఆడింది, వేరే కాలేజీల్లో పనిచేసి ఏడేళ్ల క్రితం హెడ్ కోచ్‌గా తిరిగి వచ్చింది. ఆ రోజు కాలేజీవాళ్లు పెట్టిన విందులో ఆమె అడిగిన మొదటి మాట, హామ్ బన్నులు ఏవని.

మూడో కుర్చీ పెయిజ్‌ది. ఇరవై నాలుగేళ్లు, ఒళ్లో ఎప్పుడూ ఒక ట్యాబ్. ఎవరు ఏ మూల నుంచి విసిరితే వందకు ఎన్ని పడతాయో అందులో ఉంటుంది. వెర్లా నోటుపుస్తకాన్ని ఫోటో తీసి ట్యాబ్‌లో ఎక్కిస్తానని పెయిజ్ మూడేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. "నా రాత నాకే అర్థం కాదు, నీ యంత్రానికేం అర్థమవుతుంది తల్లీ" అని వెర్లా దాటేస్తూ వచ్చింది. ఈ ముగ్గురూ కలిసి జట్టును నడుపుతుంటే చూడటానికి ముచ్చటగా ఉండేది. కొరిన్ అరుస్తుంది, పెయిజ్ లెక్కలు చెబుతుంది, వెర్లా రాసుకుంటుంది.

ఆ ఫిబ్రవరిలో కొరిన్‌కు ఏడో నెల. బీపీ పెరిగిందని డాక్టరు మంచం దిగొద్దని ఖచ్చితంగా చెప్పేశాడు. అది చాలదన్నట్టు, ఆ ఏడాదితో ఆమె కాంట్రాక్టు అయిపోతోంది. ఆటల విభాగానికి కొత్తగా వచ్చిన డైరెక్టరు మాట మెత్తగానే చెప్పాడు కానీ కాగితం మీద పెట్టి మరీ చెప్పాడు. పదకొండేళ్లుగా జట్టు లీగ్ టోర్నమెంటు మొహం చూడలేదు, ఈసారి కూడా వెళ్లకపోతే కొత్త కోచ్‌ను వెతుక్కుంటామని. ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉన్నాయి. రెండు గెలవాలి.

కొరిన్ కబురు పెడితే వెర్లా వెళ్లింది. మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్న కొరిన్, చుట్టూ తిప్పకుండా అడిగేసింది. ఈ నాలుగు మ్యాచ్‌లూ మీరే నడపాలని. పెయిజ్ ఉంది కదా అంది వెర్లా.

"పెయిజ్‌ని రెఫరీ గట్టిగా చూస్తే చాలు, ఏడ్చేస్తుంది" అంది కొరిన్. "మీరు గార్డునని మాత్రం అనకండి కోచ్. ఆ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. నా కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి."

"నీ కుర్చీలో ఎవరూ కూర్చోరు" అంది వెర్లా. కొరిన్ మొహం చిన్నబోవడం చూసి, లేచి తలుపు వెనక తగిలించి ఉన్న ఆమె నీలం జాకెట్ తీసుకుంది. "ఇది ఇస్తావా? నాలుగు మ్యాచ్‌లు కాస్తాను. తర్వాత నువ్వొచ్చి కూర్చుందువుగాని."

మొదటి మ్యాచ్‌కి ఆ నీలం జాకెట్ మొదటి కుర్చీ మీద కూర్చుంది. వెర్లా రెండో కుర్చీలోనే కూర్చుంది. అవతలి జట్టు అభిమానులు చూసి నవ్వుకున్నారు, జాకెట్‌ను సలహా అడగమని ఒకడు కేక వేశాడు కూడా. వెర్లా పట్టించుకోలేదు. కాయడం వరకు అంతా బ్రహ్మాండంగా నడిచింది. ఆమె పిల్లలు అవతలివాళ్లకు ఊపిరి ఆడనివ్వలేదు.

చిక్కంతా వెర్లా కళ్లతో వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తన జట్టు బంతి తీసుకుని ముందుకు వెళ్లగానే ఆమె చూపు బంతి వెంట వెళ్లదు. బాస్కెట్‌లో వేయించే బాధ్యత మొదటి కుర్చీది. ఆమె అవతలి పిల్లల కాళ్లు చూస్తుంది, ఎవరు ఎటు తిరుగుతున్నారు, ఎవరు అలిసిపోయారు, ఎవరు నిద్రపోతున్నారు అని. అదంతా రాసుకుంటుంది. పద్నాలుగేళ్ల వయసులో పడిన అలవాటు అది, ఎముకల్లోకి దిగిపోయింది.

తొమ్మిది సెకన్లు ఉన్నాయి. ఒక్క పాయింటు వెనక. బంతి మనది. ఒక టైమ్‌అవుట్ ఇంకా మిగిలి ఉంది, అడిగితే చాలు, ఆట ఆగుతుంది, పిల్లలను పిలిచి ఏం చేయాలో చెప్పవచ్చు. పెయిజ్ "టైమ్‌అవుట్, టైమ్‌అవుట్" అని చెవి పక్కన అరుస్తోంది. బంతి పట్టుకున్న హాడ్లీ, నాలుగో సంవత్సరం పిల్ల, జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసేది, ఒకసారి కాదు రెండుసార్లు బెంచీ వైపు చూసింది.

కోచ్ నిలబడే చోటికి కోర్టు పక్కన ఒక హద్దు గీత ఉంటుంది. వెర్లా లేచి ఆ గీత దాకా వెళ్లింది. బూట్ల కొసలు గీత మీద పెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించింది. నిలబడి చూసింది. హాడ్లీ ఇద్దరి మధ్య నుంచి ఏదో ఒకటి అని విసిరింది, బంతి చట్రానికి తగిలి బయటికి పోయింది. గంట మోగింది. అప్పుడు గానీ వెర్లాకు తన చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు.

పిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని ఆమె పక్క నుంచి లోపలికి నడిచారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. ఇంటికి వెళ్లేసరికి గెరిట్ కొట్టంలో పందులకు గడ్డి పరుస్తున్నాడు, గోడకు వేలాడుతున్న రేడియోలో వార్తలు వస్తున్నాయి.

"విన్నావా?" అంది.

"విన్నా. కోచ్ టైమ్‌అవుట్ ఎందుకు అడగలేదో అర్థం కావట్లేదన్నాడు రేడియోవాడు. నాకు అర్థమైందిలే అన్నా. అయితే వినడానికి పందులు తప్ప ఎవరూ లేరు." గెరిట్ పార గోడకు ఆనించాడు. డెబ్భై నాలుగులో డెమోయిన్‌లో అయిదో వరసలో కూర్చున్నవాడు అతను. "మళ్లీ అక్కడే నిలబడ్డావు కదూ?"

వెర్లా తల ఊపింది. గెరిట్ రెండో పార తీసి ఆమె చేతికిచ్చాడు, ఇద్దరూ కలిసి ఆ వరస మొత్తం గడ్డి పరిచారు.

సోమవారం మధ్యాహ్నం వెర్లా నీలం జాకెట్ మడతపెట్టి తీసుకుని కొరిన్ దగ్గరికి వెళ్లింది. దాన్ని మంచం చివర పెట్టి, తన వల్ల కాదని, తన వల్ల కొరిన్ ఉద్యోగం పోతే ఆ పాపం తను మోయలేనని, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పింది. చెబుతున్నంతసేపూ కిటికీ బయట మంచు వైపే చూసింది. కొరిన్ మ్యాచ్ మొత్తం ఫోన్‌లో చూసింది. ఓదార్చడం కొరిన్‌కు చేతకాదు, ఆ అలవాటు వెర్లా దగ్గర నేర్చుకున్నదే.

"ఆ తొమ్మిది సెకన్లూ మీరు ఎవర్ని చూస్తున్నారు?" అని అడిగింది.

"వాళ్ల గార్డుల్ని."

"ఏం చూశారు?"

వెర్లా చెప్పడం మొదలుపెట్టింది. ఎడమ పక్క పిల్ల హాడ్లీ మీదికి ముందే దూకేసింది, బరువంతా ముందు కాలి మీదే ఉంది, వెనక్కి తిరగలేదు. పొడుగు పిల్ల అప్పటికే అలిసిపోయి చేతులు నడుము మీద పెట్టుకుంది. మన జట్టు పిల్ల మరిసోల్‌ను కాయాల్సిన పిల్లయితే అసలు మరిసోల్‌కు వీపు పెట్టేసింది, ఎందుకంటే మరిసోల్ విసరదని లీగ్ మొత్తానికి తెలుసు. గీత బయటి నుంచి బంతి లోపలికి విసిరిన పిల్లను గార్డులు ఒక్క క్షణం మరిచిపోతారు, అందరూ మరిచిపోతారు, తనూ ఒకసారి అలాగే మరిచిపోయి దెబ్బతింది, పదహారేళ్లప్పుడు, ఆ మచ్చ ఇంకా పోలేదు. చెబుతూ చెబుతూ చెవి వెనక పెన్సిలు తీసి, కొరిన్ మందుల డబ్బా అట్ట మీద బొమ్మ కూడా గీసింది. తలెత్తి చూస్తే కొరిన్ దిండ్లు వదిలేసి నిటారుగా కూర్చుని ఉంది.

"ఇది పిల్లలకి ఎప్పుడైనా చెప్పారా కోచ్?"

"అది నా పని కాదుగా."

"బంతి ఎలా వేయాలో మీకు తెలియకపోతే పోనీండి. కాచేవాళ్ల కళ్లు ఎక్కడ ఉండవో మీకంటే బాగా ఎవరికి తెలుసు? ముప్ఫై ఏళ్లుగా ఆ పుస్తకంలో ఇదేనా రాస్తున్నది?"

"ఎవరూ అడగలేదు" అంది వెర్లా, కాస్త కోపంగానే.

"అడగబోతే మీరు బంతుల్లో గాలి చూసుకోవడానికి వెళ్లిపోతారు కదండీ."

కొరిన్ జాకెట్ తీసి ఆమె ఒళ్లోకి విసిరింది. పడుకోమని డాక్టరు చెప్పాడు కదా అని వెర్లా గదమాయించి, దిండ్లు సర్ది, జాకెట్ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. దారిలో కారు ఆపి పెయిజ్‌కు ఫోన్ చేసింది. నోటుపుస్తకాలు ఎన్ని కావాలో అడిగింది. నేలమాళిగలో రెండు పెట్టెల నిండా ఉన్నాయి.

మర్నాటి నుంచి ప్రాక్టీసు మారిపోయింది. దాడి నేర్పడానికి వెర్లా పాత నియమం పెట్టింది, ఎవరైనా సరే బంతిని రెండుసార్లే నేలకు కొట్టాలి, మూడోసారి కొడితే కోర్టు చుట్టూ పరుగు. పిల్లలు గగ్గోలు పెట్టారు. ఇది మ్యూజియం ఆట అని హాడ్లీ గొణిగింది. వెర్లా విననట్టే ఉంది. బంతి పట్టుకున్నప్పుడు బాస్కెట్ వైపు చూడొద్దు, నిన్ను కాచేదాని పాదాలు చూడు, అది ఏ కాలి మీద బరువేస్తే రెండో పక్కకి వెళ్లు అని చెప్పింది. పెయిజ్ పక్కన నేల మీద కూర్చుని, ఒక మోకాలి మీద ట్యాబ్, ఇంకో మోకాలి మీద పాత నోటుపుస్తకం పెట్టుకుని, ఆ కోడిగీతలను విప్పుతూ కూర్చుంది. రెండో రోజుకు హాడ్లీ గొణగడం మానేసింది, కాచేవాళ్లు లేని చోట బంతి తన చేతికి వస్తోందని గమనించి.

గొడవంతా మరిసోల్‌తోనే. రెండో సంవత్సరం పిల్ల, జట్టులో అందరికంటే పొట్టి, అందరికంటే గట్టిగా కాస్తుంది. డెనిసన్ నుంచి వచ్చింది, తల్లిదండ్రులిద్దరూ అక్కడి మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తారు. వెర్లాకు ఆ పిల్లంటే ప్రాణం, మరీ పైకి చూపించదు. బంతి చేతికి వస్తే చాలు, వేడి పెనం పట్టుకున్నట్టు ఎవరో ఒకరికి ఇచ్చేస్తుంది. విసరవేమే అంటే "నేను కూడా మీలాగే గార్డుని బామ్మా" అని నవ్వేది. ఆ వారం ఆ మాట విన్నప్పుడల్లా వెర్లాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది.

రెండో మ్యాచ్ గెలిచారు, లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టుతో. మూడోది ఓడారు, అగ్రస్థానంలో ఉన్న జట్టుతో, అదీ ఇరవై పాయింట్ల తేడాతో. ఇక మిగిలింది ఒక్కటే. శనివారం మధ్యాహ్నం, సొంత జిమ్నాజియంలో.

ఆ శనివారం అంత మంది వస్తారని ఎవరూ అనుకోలేదు. పార్కింగ్ నిండిపోయి మొక్కజొన్న చేను అంచున, మంచులో ట్రక్కులు నిలబెట్టారు. బీవర్ గ్రోవ్ నుంచి తెల్లజుట్టు ఆడవాళ్లు పదిమంది వచ్చి, రెండో వరసలో వరసగా కూర్చున్నారు. అందరూ ఆరుగురి ఆట ఆడినవాళ్లే. కుడివైపు ఫార్వర్డులు, ఎడమవైపు గార్డులు కూర్చోవడం వాళ్లు కావాలని చేశారో అలవాటుగా చేశారో తెలియదు. రెఫరీ ఎలైన్ ష్రోడర్ కూడా ఆ కాలం మనిషే, ఒకప్పుడు ఫార్వర్డు, అరవై దాటినా ఇంకా చారల చొక్కా వేసుకుని కుర్రపిల్లలతో సమానంగా పరుగెత్తుతుంది. స్నేహం స్నేహమే, ఈల ఈలే అంటుంది ఆవిడ. మొదటి కుర్చీ మీద నీలం జాకెట్ ఉంది. కొరిన్ ఇంట్లో మంచం మీద, పొట్ట మీద ఫోన్ నిలబెట్టుకుని చూస్తోంది.

ఆట ఎవరి చేతికీ చిక్కలేదు. నాలుగు పాయింట్లు ముందుకు వెళితే అయిదు వెనక్కి వచ్చేవారు. వెర్లా నోటుపుస్తకం మొదటి పావుగంటలోనే కుర్చీ కింద పడిపోయింది, ఆమె తీసుకోలేదు. ఈసారి ఆమె కళ్లు బంతి వెంట కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాయి, అలవాటు లేక మెడ పట్టేసిందని తర్వాత చెప్పింది. ఆరు సెకన్లు ఉన్నాయనగా అరవై ఒకటి, అరవై రెండు. ఒక్క పాయింటు వెనక. బంతి మనది.

పెయిజ్ నోరు తెరిచేలోపే వెర్లా రెండు చేతులూ పైకెత్తి టైమ్‌అవుట్ అడిగింది.

పిల్లలు చుట్టూ మూగారు. చెమట వాసన, ఆయాసం. వెర్లా పెయిజ్ చేతిలోని, ఎత్తులు గీసి చూపించే తెల్ల పలక తీసుకుని, పొట్టి పెన్సిలు చాలక పెయిజ్ మార్కర్ లాక్కుని, నాలుగే గీతలు గీసింది. మరిసోల్ పక్క గీత నుంచి బంతి లోపలికి విసురుతుంది. హాడ్లీ అందుకుంటుంది. అందరూ హాడ్లీ మీద పడతారు. పడనివ్వాలి. అప్పుడు మరిసోల్ లోపలికి పరుగెత్తుతుంది, బంతి దానికి తిరిగి వస్తుంది.

మరిసోల్ ముఖం పాలిపోయింది. "బామ్మా, నాకు వద్దు. నేను వేయలేను. నేను గార్డుని, మీకు తెలుసు."

"తెలుసు" అంది వెర్లా. పలక పెయిజ్‌కు ఇచ్చేసి ఆ పిల్ల రెండు భుజాలూ పట్టుకుంది. "అందుకే నిన్నెవరూ కాయరు. అవతలి పిల్ల చోట నేనున్నా నిన్ను కాయను. బంతిని నేలకు రెండు దెబ్బలు కొట్టు, బాస్కెట్‌లో వెయ్యి. పడకపోతే ఆ తప్పు నాది, నా పేరు చెప్పు. కానీ గీత దగ్గర ఆగి చూస్తూ నిలబడ్డావో, జీవితాంతం చూస్తూనే ఉంటావు. ఎలా ఉంటుందో నాకు తెలుసు."

హాడ్లీ మధ్యలోకి వంగి మరిసోల్ వీపు మీద ఒక్కటి చరిచింది. "నేను నీకే ఇస్తానే. పట్టుకోకపోతే చంపుతా."

ఈల మోగింది. మరిసోల్ పక్క గీత దగ్గర నిలబడి, బంతి తల మీదికి ఎత్తి, హాడ్లీకి విసిరింది. వెర్లా చెప్పినట్టే జరిగింది. ఈ జట్టులోనూ ఎడమ పక్క పిల్ల దూకింది, పొడుగు పిల్ల దూకింది, మరిసోల్‌ను కాయాల్సిన పిల్ల కూడా వీపు తిప్పి హాడ్లీ వైపు ఒక అడుగు వేసింది. ఆ ఒక్క అడుగు చాలు. మరిసోల్ దాని పక్క నుంచి దూసుకుపోయింది, బంతి చేతికి వచ్చింది. ఒక దెబ్బ. రెండు దెబ్బలు. అందరికంటే పొట్టి పిల్ల అందరి మధ్యలోంచి గాల్లోకి లేచి, బాస్కెట్ వెనకున్న బోర్డుకు ఆనించి బంతిని వదిలింది.

పడింది. చట్రం మీద తిరగను కూడా తిరగలేదు.

జిమ్నాజియం దద్దరిల్లింది. తెల్లజుట్టు గార్డులూ ఫార్వర్డులూ కలగలిసిపోయి ఒకరినొకరు కావలించుకున్నారు. ఇంకా ఒక్క సెకను ఉంది, అవతలివాళ్లు టైమ్‌అవుట్ అడిగారు. ఆ హోరులో ఎలైన్ ష్రోడర్ ఈల నోట్లో పెట్టుకునే వెర్లా దగ్గరికి నడిచి వచ్చి, ఈల తీసి, నేల వైపు చూపించింది.

వెర్లా కిందికి చూసుకుంది. కోచ్ హద్దు గీత ఆమె వెనకాల ఎక్కడో ఉంది. ఆరు సెకన్లలో ఎప్పుడు దాటిందో తెలియదు, మూడు నాలుగు అడుగులు అవతల, కోర్టు అంచున నిలబడి ఉంది. రెండు చేతులూ పైకెత్తే ఉన్నాయి.

"గీత దాటావు వెర్లా" అంది ఎలైన్. నవ్వు ఆపుకుంటోందని పెదవులు చెబుతున్నాయి కానీ గొంతు రెఫరీ గొంతే. "ఇది మొదటి హెచ్చరిక. రాయించక తప్పదు."

"రాయించు. పేరు స్పష్టంగా రాయమను" అంది వెర్లా.

ఆ ఒక్క సెకనూ గడిచింది. అవతలివాళ్లు సగం కోర్టు నుంచి విసిరిన బంతి గోడకు తగిలింది. పదకొండేళ్ల తర్వాత లిండెన్ ఫోర్క్ టోర్నమెంటుకు వెళుతోంది. పిల్లలంతా మరిసోల్ మీద పడి కుప్పయ్యారు, ఆ కుప్ప అడుగు నుంచి ఊపిరాడడం లేదని మరిసోల్ అరుస్తోంది. వెర్లా మొదటి కుర్చీ దగ్గరికి వెళ్లి, నీలం జాకెట్ తీసి దులిపి, మడత పెట్టింది. ఇంతసేపూ ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు చర్చి అయ్యాక వెర్లా, పెయిజ్ కలిసి కొరిన్ ఇంటికి వెళ్లారు. వెర్లా చేతిలో హామ్ బన్నుల సంచి, పెయిజ్ చంకలో స్కోరు పుస్తకం. డైరెక్టరు పొద్దున్నే ఫోన్ చేశాడట, మూడేళ్ల కాంట్రాక్టు కాగితం బుధవారం ఇంటికే పంపిస్తాడట. కొరిన్ ఆ సంగతి చెప్పి సంచిలోంచి ఒక బన్ను తీసుకుంది. వెర్లా జాకెట్‌ను తలుపు వెనక దాని చోట తగిలించింది. టోర్నమెంటుకు కూడా కావాలేమో ఉంచుకోమంటే, కావాలంటే వచ్చి తీసుకుంటానులే అంది.

కొరిన్ స్కోరు పుస్తకం తెరిచి నిన్నటి పేజీ మీద వేలు పెట్టింది. హాడ్లీ ఇరవై మూడు. మరిసోల్ రెండు. వేలు కిందికి జారుతూ పేజీ అడుగున ఆగింది. అక్కడ స్కోరు రాసే మనిషి, అడిగినట్టే, అచ్చు అక్షరాల్లో రాసి ఉంచాడు.

"హెచ్చరిక ఒకటి. కోచ్ వెర్లా కూయికర్. గీత దాటినందుకు" అని కొరిన్ చదివింది. చదివి తలెత్తి చూసింది.

వెర్లా కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుంది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"ఇంకోసారి చదువు" అంది.